మెదడు గడ్డలో కేఐ-67 శాతం: థియేటర్‌లో ముక్క తీసినప్పటి నుంచి రిపోర్టు చదివేదాకా

మెదడు గడ్డకి ఆపరేషన్ అయ్యాక వచ్చే పాథాలజీ రిపోర్టులో చివరన "కేఐ-67: 8%" లాంటి చిన్న వాక్యం ఒకటి ఉంటుంది. "గడ్డ మళ్లీ వస్తుందా?" అన్న ప్రశ్నకి జవాబు అందులోనే ఉందని ఇంటివాళ్లు అనుకుంటారు. కొన్నిసార్లు డాక్టర్లూ అలాగే అనుకుంటారు. ఆ అంకె పనికొచ్చేదే. కానీ అందులో గడ్డ స్వభావం ఒక్కటే ఉండదు. ముక్కని ఫార్మలిన్‌లో ఎంతసేపటికి వేశారు, రంగు ఎలా పట్టింది, స్లైడులో ఏ చోట లెక్కపెట్టారు అన్నవన్నీ కలిసే ఆ శాతం అవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోగుల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. చాలాసార్లు ఆపరేషన్ ఒక ఊళ్లో, ముక్కని మైనంలో పోసి బ్లాకు చేయడం ఇంకో చోట, కేఐ-67 లాంటి మార్కర్ పరీక్ష విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో జరుగుతుంది. చేతులు మారిన ప్రతిచోటా శాతం తారుమారయ్యే వీలుంది. ఈ మార్గదర్శి థియేటర్ సిస్టర్లకి, ల్యాబ్ టెక్నీషియన్లకి, పాథాలజీ పీజీ విద్యార్థులకి. చివరి భాగం ఇంటివాళ్ల కోసం.

శాతం దేన్ని కొలుస్తుంది

కేఐ-67 కణ కేంద్రకంలో ఉండే ప్రోటీన్. విభజన చక్రంలో ఉన్న కణంలో, అంటే జీ1 దశ చివరి భాగం నుంచి ఎస్, జీ2, ఎమ్ దశల్లో కనిపిస్తుంది. విశ్రాంతిగా ఉన్న జీ0 కణంలో కనిపించదు. దీన్ని పట్టే యాంటీబాడీని జర్మనీలోని కీల్‌లో యోహానెస్ గెర్డెస్ బృందం 1983లో ప్రకటించింది. అది గడ్డకట్టించిన తాజా ముక్క మీదే పనిచేసేది. 1990ల మొదట్లో ఎంఐబీ-1 అనే యాంటీబాడీ వచ్చాక మైనపు బ్లాకు మీద కూడా ఈ పరీక్ష చేయడం కుదిరింది. రిపోర్టులో "ఎంఐబీ-1 ఇండెక్స్" అని రాసినా అర్థం ఇదే.

ఒక కణం పాజిటివ్ అయితే అది చక్రంలో ఉందని మాత్రమే తెలుస్తుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో, పుట్టిన కణాల్లో ఎన్ని బతుకుతాయో ఈ రంగు చెప్పదు. చాలా తీవ్రమైన మెదడు గడ్డ గ్లియోబ్లాస్టోమాలో విభజనా ఎక్కువే, కణాలు చచ్చిపోవడమూ ఎక్కువే. అందుకే 20% ఉన్న గడ్డ 10% ఉన్న గడ్డకి రెట్టింపు వేగంగా పెరుగుతుందని అనుకోకూడదు.

థియేటర్‌లో: సగం తప్పులు ఇక్కడే

ముక్క బయటికి రాగానే 10% న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. తడి గాజుగుడ్డలో చుట్టి పక్కన పెట్టడం, సెలైన్ సీసాలో రాత్రంతా ఉంచి పొద్దున ల్యాబుకి పంపడం వద్దే వద్దు. సెలైన్‌లో ఉన్న కణం కుళ్లిపోతూ ఉంటుంది, కేంద్రకం ఉబ్బి మసకబారుతుంది. ఎండాకాలంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఫార్మలిన్ తయారీకి కొలతలు: సీసాలో దొరికే గాఢ ఫార్మాల్డిహైడ్ ద్రావణం (37–40%) 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. ఉప్పులు లేకుండా కుళాయి నీళ్లు మాత్రమే కలిపిన ఫార్మలిన్ రోజులు గడిచేకొద్దీ ఆమ్లం అవుతుంది. దాంతో ముక్కలో గోధుమ-నలుపు రేణువులు పడతాయి. కేఐ-67ని చూపించే డీఏబీ రంగు కూడా గోధుమే కాబట్టి లెక్కపెట్టేవాళ్లు ఏది ఏదో తేల్చుకోలేరు.

ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఫార్మలిన్ పోయండి, ఇరవై రెట్లయితే ఇంకా మంచిది. పెద్ద మెనింజియోమాని (మెదడు పైపొరల నుంచి పుట్టే గడ్డని) అలాగే ముద్దగా వేస్తే పైపొర గట్టిపడుతుంది, లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఫార్మలిన్ గంటకి సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి పోతుంది. అందుకని 4–5 మి.మీ. మందం ముక్కలుగా కోసి వేయాలి. సన్నటి సూది ముక్కకైనా కనీసం 6 గంటలు కావాలి. కోసిన ముక్కలకి 24 గంటలు ఇవ్వండి. 72 గంటలు దాటనివ్వొద్దు. సంక్రాంతికో, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికో ల్యాబు మూసి ఉంటుందని ముందే తెలిస్తే 48 గంటలయ్యాక ముక్కల్ని 70% ఆల్కహాల్‌లోకి మార్చి ఉంచండి. ఫార్మలిన్‌లో వేసిన తేదీ, గంట సీసా మీద రాయడం సిస్టర్ల పని. ఆ ఒక్క గీత లేకపోతే తర్వాత వచ్చిన తక్కువ శాతాన్ని నమ్మాలో వద్దో ఎవరూ చెప్పలేరు.

ఆపరేషన్ జరుగుతుండగా ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కని గడ్డకట్టించి అప్పటికప్పుడు చూసే పరీక్ష) చేస్తే, గడ్డకట్టించని ముక్క ఒకటి వేరే సీసాలో ఉంచండి. ఒకసారి గడ్డకట్టిన ముక్కలో మంచు కన్నాలు పడి కేంద్రకాలు చెదిరిపోతాయి. కాటరీ తగిలి మాడిన అంచు కూడా పనికిరాదు, మాడిన కేంద్రకాలు రంగుని ఇష్టమొచ్చినట్టు పట్టుకుంటాయి. సున్నం పట్టి గట్టిబడిన మెనింజియోమా అయితే మెత్తటి భాగం నుంచి ముందే ఒక బ్లాకు చేసుకోండి. మిగతాదాన్ని మెత్తబరచడానికి ఆమ్లం వాడితే కేఐ-67 రంగు బాగా తగ్గిపోతుంది. తప్పనిసరైతే సున్నాన్ని నెమ్మదిగా తీసే ఈడీటీఏ వాడండి, ఆలస్యమైనా ఫర్వాలేదు.

రిక్వెస్ట్ ఫారంలో ఇవి ఉండాలి: వయసు, గడ్డ ఎక్కడుంది, ఎంఆర్ఐలో ఏం కనిపించింది, ఇంతకుముందు ఆపరేషన్ లేదా రేడియేషన్ జరిగిందా, ఆపరేషన్‌కి ముందు గడ్డకి రక్తం వెళ్లే నాళాలు మూసే ఎంబొలైజేషన్ చేశారా, స్టెరాయిడ్లు వాడారా. ఎంబొలైజేషన్ తర్వాత చచ్చిన భాగం చుట్టూ ఉన్న కణాల్లో కేఐ-67 పెరగవచ్చు. ఆ సంగతి తెలియని పాథాలజిస్టు సాధారణ మెనింజియోమాని ప్రమాదకరమైనదిగా పొరబడే అవకాశం ఉంది. స్టెరాయిడ్ల సంగతి లింఫోమా అనుమానం ఉన్నప్పుడు మరీ ముఖ్యం, డెక్సామెథసోన్ పడ్డాక లింఫోమా కణాలు కరిగిపోయి ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు.

బ్లాకు పంపేటప్పుడు

వేరే ఊరి ల్యాబుకి పంపాలంటే బ్లాకే పంపండి, దాంతోపాటు మామూలు రంగు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడు, ఆ రిపోర్టు నకలు పెట్టండి. కోసి పెట్టిన రంగు వేయని స్లైడులు నెలల తరబడి నిల్వ ఉంటే కేఐ-67 బలహీనపడుతుంది. దాంతో శాతం తగ్గిపోయే వీలుంది. మైనం 56–60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో బ్లాకు వదిలేస్తే మెత్తబడి వంగిపోవచ్చు, కాబట్టి థర్మోకోల్ డబ్బాలో పెట్టి పంపండి. ఏ బ్లాకులో గడ్డ బాగా ఉందో, ఏది అంచు ముక్కో పాథాలజిస్టు గుర్తుపెట్టి రాయాలి. నాలుగు బ్లాకులు ఉంటే కణాలు ఒత్తుగా, విభజనలు ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచాలి.

రంగు వేసే వరస

1. సెక్షన్ 3–4 మైక్రాన్ల మందం. చార్జ్‌డ్ స్లైడు మీదకి ఎత్తి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఒక గంట. అదే స్లైడు మీద ఒక పక్కన టాన్సిల్ కంట్రోల్ సెక్షన్ కూడా పెట్టండి.

2. జైలీన్‌లో రెండుసార్లు, ఒక్కోసారి 5 నిమిషాలు. తర్వాత 100%, 95%, 70% ఆల్కహాల్, చివర డిస్టిల్డ్ వాటర్.

3. యాంటిజెన్ రిట్రీవల్, అంటే ఫార్మలిన్ మూసేసిన ప్రోటీన్‌ని వేడితో మళ్లీ బయటపెట్టడం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ట్రిస్ 1.21 గ్రా., ఈడీటీఏ 0.37 గ్రా., ట్వీన్-20 అర మిల్లీలీటరు కలిపి పీహెచ్ 9కి తెచ్చుకోండి. ప్రెషర్ కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ వచ్చాక 3 నిమిషాలు, లేదా 95–98 డిగ్రీల వాటర్‌బాత్‌లో 20–30 నిమిషాలు. అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వండి. వేడి మీద తీసి చల్లటి నీళ్లలో ముంచితే సెక్షన్ ఊడి వస్తుంది. మెదడు ముక్క మెత్తన, అది ఇంకా త్వరగా ఊడుతుంది.

4. 3% హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు. 30% సీసా నుంచి ఒక వంతుకి తొమ్మిది వంతులు నీళ్లు కలిపి అప్పటికప్పుడు చేసుకోవాలి.

5. పీహెచ్ 7.6 ఉన్న ట్రిస్ బఫర్‌తో కడిగి, ప్రైమరీ యాంటీబాడీ వేయండి. ఎంఐబీ-1, ఎస్‌పీ6, 30-9 అనే క్లోన్లు వాడుకలో ఉన్నాయి. తేమ పెట్టెలో 30–60 నిమిషాలు. ఎంత పలచన చేయాలో కంపెనీ కాగితం చూసి మొదలుపెట్టి, టాన్సిల్ మీద రెండు మూడు పలచనలు పోల్చి మీ ల్యాబుకి కుదిరేది తేల్చుకోండి.

6. హెచ్ఆర్‌పీ పాలిమర్ 30 నిమిషాలు, కడగండి. డీఏబీ 5–10 నిమిషాలు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, వాడిన డీఏబీని సింక్‌లో పారబోయకుండా వేరే డబ్బాలో పోగుచేయండి.

7. హెమటాక్సిలిన్ 30–60 సెకన్లు, అంతకు మించొద్దు. తర్వాత ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్.

ఈ ఏడో అడుగులో జరిగే తప్పు చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. నీలం ముదిరితే లేత గోధుమ కేంద్రకాలు దాని కింద మరుగున పడతాయి. మరీ పలచనైనా ఇబ్బందే, నెగెటివ్ కేంద్రకాలు కనిపించక హారం తగ్గి శాతం పెరిగిపోతుంది.

కంట్రోల్ టాన్సిల్‌ని ముందు చూడకుండా రోగి ముక్కని చూడొద్దు. జెర్మినల్ సెంటర్‌లో (టాన్సిల్‌లో లింఫోసైట్లు జోరుగా విభజించే గుండ్రటి చోట) చీకటి భాగం ముదురు గోధుమగా, పై చర్మపొరలో అడుగు పక్క వరసలు పాజిటివ్‌గా, పై వరసలు పూర్తిగా నీలంగా ఉండాలి. జెర్మినల్ సెంటర్ లేతగా ఉంటే రిట్రీవల్ సరిపోలేదు లేదా యాంటీబాడీ పాడైంది. కంట్రోల్ బాగుండి రోగి ముక్కలో రక్తనాళాల కణాలు, లింఫోసైట్లతో సహా ఒక్కటీ గోధుమ కాకపోతే తప్పు ముక్క ఫిక్సేషన్‌లో ఉంది. అప్పుడు "0%" అని రాయకూడదు, "పరీక్షకి పనికిరాలేదు" అని రాసి ఇంకో బ్లాకు తీయాలి. అంచుల్లో మాత్రమే ముదురు రంగు ఉంటే పరీక్ష జరుగుతుండగా సెక్షన్ ఎండిపోయిందని అర్థం. ముక్కంతా గోధుమ పొగలా ఉంటే పెరాక్సైడ్ పాతది, లేదా కడగడం చాలలేదు.

యాంటీబాడీ 2–8 డిగ్రీల్లో ఉండాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తర్వాత కరెంటు లేక గడిపిన రోజులు ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. ఫ్రిజ్‌లో థర్మామీటరు, ఐస్‌ప్యాకులు ఎప్పుడూ ఉంచుకోండి. సుదీర్ఘంగా కరెంటు పోయాక టాన్సిల్ మీద మళ్లీ పరీక్షించకుండా పాత సీసాని రోగి ముక్కకి వాడొద్దు.

లెక్కపెట్టడం

ఒక గడ్డలోనే కొన్నిచోట్ల 2%, పక్కనే 12% ఉండవచ్చు. తోటలో ఒక్క జీడిచెట్టు కాపు చూసి తోటంతా అంచనా కట్టలేనట్టే, ఒక్క ఫీల్డు చూసి గడ్డని అంచనా వేయలేం. ముందు చిన్న లెన్సుతో స్లైడంతా తిరగండి. గోధుమ చుక్కలు ఒత్తుగా ఉన్న చోటు, అంటే హాట్‌స్పాట్, గుర్తుపెట్టుకోండి. 40 లెన్సుకి మారి ఆ చోట, దాని పక్క ఫీల్డుల్లో కనీసం 1000 గడ్డ కణాలు లెక్కపెట్టండి. పాజిటివ్‌ని మొత్తంతో భాగించి వందతో హెచ్చిస్తే శాతం వస్తుంది. ఎంత లేత గోధుమైనా కేంద్రకంలో ఉంటే పాజిటివే.

వదిలేయాల్సినవి: రక్తనాళాల గోడ కణాలు, లింఫోసైట్లు, మాక్రోఫేజులు, చచ్చిన భాగం. గ్లియోబ్లాస్టోమాలో నాళాల కణాలు కూడా జోరుగా విభజిస్తుంటాయి, వాటిని కలిపితే శాతం అబద్ధంగా పెరుగుతుంది. అంచుల్లో గడ్డ కణాలు మామూలు మెదడులోకి చొచ్చుకుపోతే మధ్యలో చిక్కుకున్న న్యూరాన్లు నెగెటివ్‌గా హారంలోకి చేరి శాతాన్ని తగ్గిస్తాయి. అక్కడ లెక్కపెట్టకండి.

వెయ్యి ఎందుకు అనేవాళ్లకి: 1000 కణాల్లో 40 పాజిటివ్ అయితే 4%. ఆ లెక్కలో కేవలం యాదృచ్ఛికత వల్ల వచ్చే హద్దులు సుమారు 2.8 నుంచి 5.2. అదే 200 కణాల్లో 8 అయితే కూడా 4%, కానీ హద్దులు 1.3 నుంచి 6.7. మెనింజియోమాలో 4% గీత మీద నిర్ణయం ఆధారపడినప్పుడు 200 కణాల లెక్క ఎటూ తేల్చదు. కంటితో చూసి "సుమారు 5%" అని రాయడం అంతకన్నా నష్టం. ఫోన్ కెమెరాతో ఐపీస్‌లోంచి ఫొటో తీసి, పెద్దది చేసుకుని, లెక్కపెట్టిన ప్రతి కేంద్రకం మీద గుర్తుపెట్టుకుంటూ పోతే ఒకే కణాన్ని రెండుసార్లు లెక్కించే తప్పు పోతుంది. ఇమేజ్‌జే, క్యూపాత్ రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. కానీ అవి లింఫోసైట్‌ని, గడ్డ కణాన్ని తమంతట వేరు చేయలేవు. ఏ చోటు లెక్కించాలో పాథాలజిస్టే గీసి ఇవ్వాలి.

మైటోసిస్ లెక్క, మైక్రోస్కోప్ ఫీల్డు

గ్రేడు, అంటే గడ్డ తీవ్రత స్థాయి, నిర్ణయించేది కేఐ-67 కాదు, చాలా గడ్డల్లో మైటోసిస్ లెక్క, అంటే స్లైడులో విడిపోతూ కనిపించే కణాల లెక్క. 2021 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణ ప్రకారం మెనింజియోమాలో 10 హైపవర్ ఫీల్డుల్లో 4 నుంచి 19 మైటోసిస్‌లు ఉంటే గ్రేడ్ 2, 20 లేదా ఎక్కువైతే గ్రేడ్ 3. అయితే అక్కడ ఒక ఫీల్డు అంటే 0.16 చదరపు మిల్లీమీటర్లు. అంటే చదరపు మిల్లీమీటరుకి 2.5, 12.5 అన్నవి అసలు గీతలు.

మీ ఐపీస్ మీద ఉన్న ఫీల్డ్ నంబరు చూడండి. 18 అయితే 40 లెన్సు కింద ఫీల్డు విస్తీర్ణం 0.16. నంబరు 20 అయితే 0.196. నంబరు 22 అయితే 0.238. నంబరు 22 ఉన్న మైక్రోస్కోప్‌లో 10 ఫీల్డుల్లో 4 మైటోసిస్‌లు కనిపిస్తే చదరపు మిల్లీమీటరుకి 1.7 మాత్రమే, గ్రేడ్ 2 గీత చేరలేదు. దాంట్లో 6 కావాలి, గ్రేడ్ 3కి 30. నంబరు 20లో 5, 25. ఈ అంకెలు కాగితం మీద రాసి మైక్రోస్కోప్ పక్కన అంటించండి. ఒక రోగికి రేడియేషన్ ఇవ్వాలా వద్దా అన్నది ఇక్కడ మారిపోతుంది.

మైటోసిస్‌ని, కుంచించుకుపోయి చచ్చిన కేంద్రకాన్ని వేరు చేయడం కష్టమైనప్పుడు ఫాస్ఫోహిస్టోన్ హెచ్3 మార్కర్ సాయపడుతుంది. అది జీ2 చివర, ఎమ్ దశ కణాలనే పట్టుకుంటుంది. పీసీఎన్ఏ అనే ఇంకో మార్కర్ డీఎన్ఏ మరమ్మతులోనూ పాల్గొంటుంది, చక్రం ముగిశాక కూడా చాలాసేపు కణంలో మిగులుతుంది, కాబట్టి శాతాన్ని పెంచి చూపిస్తుంది. దాన్ని ఇప్పుడు మెదడు గడ్డల కోసం అడగాల్సిన పని లేదు.

ఏ గడ్డలో ఎంత అర్థం

మెనింజియోమాలో కేఐ-67కి విలువ ఎక్కువ. గ్రేడ్ 1లో సగటున 4% దగ్గర, గ్రేడ్ 2లో 7% దగ్గర, గ్రేడ్ 3లో 15% దగ్గర ఉంటుంది. గ్రేడ్ 1 అయినా 4% పైబడితే మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువని పదేపదే కనిపించింది. అయినా డబ్ల్యూహెచ్ఓ దీన్ని గ్రేడింగ్ నియమంగా చేర్చలేదు, ల్యాబుకీ ల్యాబుకీ లెక్క తేడా వస్తుంది కనుక. మెదడులోకి చొరబాటు, జన్యు మార్పుల్లో టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్, సీడీకేఎన్2ఏ/బీ జన్యువులు పూర్తిగా పోవడం నియమాల్లో ఉన్నాయి. సర్జన్ ఎంత తీయగలిగారన్నది వీటన్నిటితో సమానం. మెనింజియోమాని ఎంత తీశారో చెప్పే, 1957 నుంచి వాడుకలో ఉన్న సింప్సన్ గ్రేడు డిశ్చార్జ్ సమ్మరీలో లేకపోతే అడగండి. 2% ఉన్న గడ్డ సగం మిగిలిపోతే, 6% ఉండి పూర్తిగా పోయిన గడ్డ కన్నా ముందే తిరిగి రావచ్చు.

ఆస్ట్రోసైటోమాల్లో (మెదడులోని ఆధార కణాల నుంచి పుట్టే గ్లియోమా గడ్డల్లో ఒక రకం) గ్రేడ్ 2కి సాధారణంగా 4% లోపు, గ్రేడ్ 3కి 5–10%, గ్లియోబ్లాస్టోమాకి 15–20% ఉంటుంది. ఈ హద్దులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఐడీహెచ్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉందా లేదా అన్నదే ఇక్కడ మొదటి ప్రశ్న. ఐడీహెచ్ మామూలుగా ఉన్న పెద్దవాళ్ల విస్తరించే గ్లియోమాలో సూది ముక్కలో 3% మాత్రమే కనిపించినా, టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్ లేదా ఈజీఎఫ్ఆర్ యాంప్లిఫికేషన్ ఉంటే అది గ్లియోబ్లాస్టోమాయే. ఇటు 1పీ, 19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు రెండూ పోయిన ఒలిగోడెండ్రోగ్లియోమాలో శాతం ఎక్కువున్నా రోగి చాలా ఏళ్లు బాగుండవచ్చు.

పిల్లల గడ్డల్లో ఇది ఇంకా స్పష్టం. డబ్ల్యూఎన్‌టీ రకం మెడుల్లోబ్లాస్టోమాలో కేఐ-67 బాగా ఎక్కువ, అయినా ఆ జబ్బులో అన్నిటికన్నా మంచి ఫలితాలు వచ్చే రకం అదే. మెదడు కాండంలో వచ్చే హెచ్3 కే27 మార్పు ఉన్న గ్లియోమా చిన్న ముక్కలో తక్కువ శాతం చూపించవచ్చు, కానీ జబ్బు మాత్రం చాలా తీవ్రం.

పిట్యూటరీ గడ్డలో 3% దాటడం, పక్క ఎముకలోకి లేదా సైనస్‌లోకి చొచ్చుకుపోవడం రెండూ కలిస్తే దగ్గరగా గమనించాలి. సెంట్రల్ న్యూరోసైటోమాలో 2–3% పైబడినా జాగ్రత్తపడాలి. 

రిపోర్టులో రాయాల్సింది

"కేఐ-67: 6%. క్లోన్ ఎంఐబీ-1. హాట్‌స్పాట్‌లో 1000 కణాలు లెక్కించాం. హద్దులు 4.5% నుంచి 7.5%. కంట్రోల్ సరిగా ఉంది. ఫార్మలిన్‌లో 20 గంటలు." ఇంత రాస్తే చదివే డాక్టరు ఎంత నమ్మవచ్చో తేల్చుకుంటారు. ఉత్త శాతం మాత్రం రాస్తే వేరే ల్యాబు శాతంతో పోల్చే దారి ఉండదు.

ఇంటివాళ్లు చేయాల్సింది

రిపోర్టు చేతికి వచ్చాక అంకె దగ్గర ఆగకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. గడ్డ పేరు, గ్రేడు ఏమిటి? ఎంత తీశారు, ఎంత మిగిలింది? ఐడీహెచ్ లాంటి జన్యు పరీక్షలు మా గడ్డకి అవసరమా, చేశారా? తర్వాత ఎంఆర్ఐ ఎప్పుడు? డిశ్చార్జ్ సమ్మరీతో పాటు బ్లాకు నంబరు, ఏ ల్యాబులో ఉందో రాయించుకోండి. బ్లాకుని ఎన్నేళ్లు ఉంచుతారో కూడా అడగండి.

గ్లియోమా ఆపరేషన్ అయ్యాక 72 గంటల్లోపు తీసిన ఎంఆర్ఐ ఉంటే మిగిలిన గడ్డ ఎంతో తెలుస్తుంది. ఆ తర్వాత ఆలస్యమైతే ఆపరేషన్ వల్ల వచ్చిన వాపు కూడా గడ్డలాగే కనిపిస్తుంది. మెనింజియోమా గ్రేడ్ 1కి ఐదేళ్లపాటు ఏడాదికోసారి, గ్రేడ్ 2కి ఆరు నెలలకోసారి, గ్రేడ్ 3కి మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ అన్నది యూరప్ న్యూరో-ఆంకాలజీ సంఘం చెప్పే వరస. గ్రేడ్ 1లో శాతం ఎక్కువుంటే కొందరు డాక్టర్లు ఈ వ్యవధి తగ్గిస్తారు, అది సబబే. తలనొప్పి లేదు కదా అని ఎంఆర్ఐ మానేయకండి, మెనింజియోమా చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

ఉద్దానం ప్రాంతం వాళ్లకి ఒక ప్రత్యేక జాగ్రత్త. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ, చాలామందికి ఉన్నట్టు తెలియదు కూడా. ఎంఆర్ఐలో ఇచ్చే గాడోలినియం మందుకి ముందు సీరం క్రియాటినిన్ చూపించుకోండి. కిడ్నీ వడపోత విలువ 30 కన్నా తక్కువుంటే కొన్ని పాత రకం గాడోలినియం మందులు వాడకూడదు. ఆ రిపోర్టు రేడియాలజిస్టుకి ముందే ఇస్తే సురక్షితమైన రకం ఎంచుతారు.

గడ్డ మళ్లీ వచ్చి రెండో ఆపరేషన్ జరిగితే, కొత్త శాతాన్ని పాత రిపోర్టులోని శాతంతో నేరుగా పోల్చకండి. పాత బ్లాకు తెప్పించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఒకే రోజు, ఒకే యాంటీబాడీతో రంగు వేయించండి. ఇద్దరు లెక్కపెట్టి సగటు తీయగలిగితే మరీ మంచిది. పాతది 3%, కొత్తది 11% అని అలా తేలితే గడ్డ నిజంగానే స్వభావం మార్చుకుందని అర్థం. రేడియేషన్ గురించి మాట్లాడడానికి ఆ రెండు స్లైడులూ, రెండు ఎంఆర్ఐలూ పట్టుకుని వెళ్లండి.